బిగింపు వారోత్సవం

సంగాని కాటంరాజు నోరు తెరిపించడం కంటే పట్టేసిన ఇంజను విప్పడం తేలికని బొర్రపాలెం రేవులో అనుకునేవారు. ఇంజనైతే కిరసనాయిలు పోసి ఒక పూట నానబెడితే కదులుతుంది. కాటంరాజును ఎందులో నానబెట్టినా కదిలేవాడు కాదు.

మాట తక్కువ మనిషికి మన వైపు ఒక సౌకర్యం ఉంది. అడక్కుండానే అతనికి అన్నీ తెలుసని జనం ఒప్పేసుకుంటారు. పాడైన ఇంజను ముందు గొంతుక్కూర్చుని కాటంరాజు అరపూట దానికేసే చూస్తుంటే, చుట్టూ చేరినవాళ్ళు "రోగం పట్టేస్తన్నాడ్రా" అని గుసగుసలాడేవారు. ఆ అరపూటలో సగం ఆయన, నిన్న విప్పిన నట్టు ఎక్కడ పెట్టానా అని ఆలోచించేవాడు. మిగతా సగం ఏమీ ఆలోచించేవాడు కాదు. ఏటి గాలి చల్లగా ఉంటుంది కదా.

రేవుకు ఎదురుగా, గోదావరి పాయ నడుమ రెల్లులంక. గుప్పెడు ఇళ్ళు, ఇళ్ళ కంటే ఎక్కువ గేదెలు. లంకకు ఉన్నది ఒక్కటే లాంచీ. దాని ఇంజను రెండు లారీల కింద అరిగిపోయి, మూడో జన్మకు నీళ్ళ మీదికి వచ్చింది. పాల క్యాన్లు, పిల్లల పుస్తకాల సంచులు, పురిటి నొప్పులు అన్నీ దాని మీదే గట్టు చేరాలి. శ్రావణంలో వరదొస్తే జనాన్నీ, వెనక కట్టిన పంటు మీద గేదెల్నీ దాటించేది కూడా అదే. లాంచీ సరంగు నూకరాజు కాటంరాజుకు స్వయానా బావమరిది. అతని అక్క భూలక్ష్మి కాటంరాజు భార్య. వాళ్ళ తల్లి సూరమ్మ ఇంకా లంకలోనే, రెండు గేదెలతో, ఎవరి మాటా వినకుండా ఉంటోంది.

ఆ వేసవిలో కాటంరాజు లాంచీ ఇంజను పూర్తిగా విప్పి, బోరు చేయించి, కొత్త గాస్కెట్టు వేసి, ఇంజను మూతలాంటి హెడ్డు మూసి బోల్టులు బిగించాడు. ప్రతి బోల్టు మీంచి హెడ్డు మీదికి సిందూరంతో చిన్న గీత గీశాడు. బోల్టు కదిలితే గీత విరుగుతుంది, అదీ ఉపాయం. ఊళ్ళోవాళ్ళు దాన్ని భక్తి అనుకున్నారు. కాటంరాజు కాదనలేదు.

అయితే ఆ గీతల వెనక ఒక చిక్కు ఉంది. హెడ్డు కింద గాస్కెట్టు పరుపులాంటిది. ఇంజను వేడెక్కి చల్లారితే అణుగుతుంది. అణిగితే బోల్టు పట్టు తగ్గుతుంది కాబట్టి మళ్ళీ బిగించాలని కాకినాడలో ఆయన మొదటి గురువు చెప్పాడు. ఒకసారి బిగించాక మళ్ళీ ముట్టుకుంటే చేతులు విరగ్గొడతానని నరసాపురంలో రెండో గురువు చెప్పాడు. కాటంరాజు ఇద్దరి దగ్గరా దెబ్బలు తిన్నాడు కాబట్టి ఇద్దరి మీదా సమానమైన గౌరవం. కొన్ని ఇంజన్లు మళ్ళీ బిగించాడు, కొన్ని వదిలేశాడు. బిగించినవాటిలో కొన్ని పోయాయి. వదిలేసినవాటిలో కొన్ని పోయాయి. గీత చెదరకుండానే ఆవిరి కక్కినవీ ఉన్నాయి. అలాంటప్పుడు కాటంరాజు గీతకేసి చూసేవాడు, గీత కాటంరాజుకేసి చూసేది, ఇద్దరూ ఊరుకునేవారు.

అలా ఊరుకుంటూ బతుకు సాఫీగా వెళ్ళిపోతుండగా, కింది రేవులో ఒక లాంచీ నడి ఏట్లో ఆవిరి కక్కి ఆగిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆగిన లాంచీలో జలయాన యంత్ర భద్రతా విభాగం సంచాలకుల వారి మామగారు ఉన్నారు. మధ్యాహ్నమంతా నడినెత్తిన ఎండ, ఒళ్ళో ఆవకాయ జాడీ. ఆ సాయంత్రం మామగారు అల్లుడితో ఏమన్నారో తెలియదు గానీ, అప్పటిదాకా ఉందని ఎవరికీ తెలియని ఆ విభాగం మర్నాడు నిద్ర లేచింది.

సంచాలకులు శేషావతారం గారు స్వయంగా బొర్రపాలెం వచ్చారు. జీపు దిగి, చేతులు తుడుచుకుంటూ నిలబడ్డ కాటంరాజును చూసి, టీ కొట్టులోంచి నీలం ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెప్పించి, "కూర్చోండి మేస్త్రిగారూ" అన్నారు.

కాటంరాజు పుట్టి బుద్ధెరిగాక డబ్బాల మీద కూర్చున్నాడు, టైర్ల మీద కూర్చున్నాడు, ఏటిగట్టు మీద కూర్చున్నాడు. ఆఫీసరు ఎదుట ఎప్పుడూ కూర్చోలేదు. మెల్లగా, కుర్చీకి నొప్పి కలుగుతుందేమోనన్నట్టు కూర్చున్నాడు.

"పునర్నిర్మిత జలయాన యంత్రముల శీర్ష బోల్టులను నియతకాలికంగా పునర్బిగింపు చేయవలెనా, వలదా? క్షేత్రస్థాయి నిపుణులుగా తమ అభిప్రాయం?" అన్నారు శేషావతారం గారు.

కాటంరాజు నూకరాజు వైపు చూశాడు.

"హెడ్డు బోల్టులు మళ్ళీ మళ్ళీ బిగించాలా అంటన్నారు బావా."

తెలవదు అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. అయితే అది నిలబడి చెప్పే మాట. కుర్చీలో కూర్చున్నవాడు చెప్పే మాట కాదు. కాటంరాజు దాన్ని మింగేసి, ఏటికేసి చూశాడు. శేషావతారం గారూ ఏటికేసి చూశారు. చాలాసేపు ఇద్దరూ నీళ్ళకేసే చూశారు.

"అర్థమైంది" అన్నారు శేషావతారం గారు, పుస్తకం తీసి. "నీరు నిరంతరం కదులుతుంది. కదిలేదల్లా వదులవుతుంది. వదులైనదాన్ని బిగించాలి. అంతేనా?"

కాటంరాజు ఏమీ అనలేదు.

"ఎంత క్లుప్తంగా చెప్పారు!" అంటూ శేషావతారం గారు రాసుకున్నారు.

ఇంటికొస్తే భూలక్ష్మి అడిగింది. "ఏవయ్యా, నిజంగానే మళ్ళీ మళ్ళీ బిగించాలా?"

"ఊఁ."

"ఊఁ అంటే అవుననా, కాదనా?"

"ఊఁ."

"నీతో మాట్టాడ్డం కన్నా గేదెతో మాట్టాడితే నయం. తోకైనా ఊపుద్ది" అని భూలక్ష్మి చేపలు తోముకోవడానికి వెళ్ళిపోయింది.

నెల తిరక్కుండా సమగ్ర బిగింపు విధానం వెలువడింది. నిపుణుల అభిప్రాయం మేరకు ప్రతి పునర్నిర్మిత ఇంజను హెడ్డు బోల్టులను నెలకోసారి అధికారి సమక్షంలో బిగించవలెను, బోల్టు కదలనిదీ కదిలినదీ తెలియుటకు సిందూర రేఖ గీయవలెను. కాటంరాజు గీతను అన్ని రేవుల్లోనూ గీయడం మొదలుపెట్టారు. తన గీత తనకంటే దూరం ప్రయాణించిందని ఆయన లోపల్లోపల పొంగిపోయాడు. మొహంలో మాత్రం ఏమీ కనపడనివ్వలేదు, అది ఆయనకు అలవాటే.

రెండు వారాలకే గీత మీద అర్జీలు వచ్చాయి. సిందూరం రంగు ఒక పార్టీవాళ్ళ కండువాను తలపిస్తోందని అభ్యంతరం. పసుపు గీద్దామంటే అది ఇంకొకరిది. ఆకుపచ్చకు యజమానులున్నారు, నీలానికి ఉన్నారు, ఎరుపుకు ఎప్పటినుంచో ఉన్నారు. తెలుపు గీస్తే ఎవరు చచ్చారని జనం అడుగుతారు. శేషావతారం గారు సంఘం వేశారు. సంఘం మూడుచోట్ల కూర్చుని, అన్ని వర్గాలకూ ఆమోదయోగ్యమైన రంగు ఒక్కటే ఉందని తేల్చింది: ఏ రంగూ లేని రంగు. ఆనాటినుంచి గీతలు నీళ్ళలాంటి వార్నీషుతో గీశారు.

"గీత కనపట్టం లేదండి" అన్నాడు నూకరాజు, తనిఖీకి వచ్చిన ఇనస్పెక్టరుతో.

"గీత కనిపించవలెనని ఉత్తర్వులో లేదు. గీత ఉండవలెనని ఉంది."

"ఉందో లేదో ఎలా తెలుస్తదండి?"

"ఉన్నదని నాకు నమ్మకం కలిగితే చాలు. కలిగింది" అని ఇనస్పెక్టరు సంతకం పెట్టాడు.

గీత కనబడినన్నాళ్ళూ బోల్టు కదల్లేదని చెప్పి ఊరుకోవచ్చు. ఇప్పుడు గీత కనబడదు కనుక, కదిలిందో లేదో తెలుసుకోవాలంటే బిగించి చూడటమే దారి. నెలకోసారి కాస్తా వారానికోసారయింది. వారానికి రెండుసార్లయింది. లాంచీతోపాటు బోల్టు కూడా ఏరు దాటింది గనుక, దాటిన చోట దాని పరిస్థితి ఏమిటన్న ధర్మసందేహం వచ్చి, ఈ గట్టున ఒకసారి, ఆ గట్టున ఒకసారి అయింది. పాల క్యాన్లు ఎండలో ఉండిపోయి లంకలో అందరూ పెరుగు మాత్రమే అమ్మడం మొదలుపెట్టారు. బడి పిల్లలు మూడో పీరియడుకు చేరేవారు. లెక్కల మాస్టారు పీరియడు మొదటిదే గనుక పిల్లలెవరూ ఈ విధానానికి వ్యతిరేకం కాదు.

అసలు చిక్కు ఇద్దరు ఇనస్పెక్టర్ల వల్ల వచ్చింది. ఒకాయన సోమవారం దిగి మూడు రోజులుంటాడు, గురువారం ఇంకొకాయన వచ్చి బాధ్యత తీసుకుంటాడు. గురువారం బిగించినప్పుడు బోల్టు కొంచెం తిరిగిందంటే, సోమవారం ఆయన సరిగా బిగించలేదన్నమాట. ఆయనకు మెమో. బోల్టు తిరగలేదంటే, గురువారం ఆయన బిగించలేదన్నమాట. ఈయనకు మెమో. తిరిగినా తప్పు, తిరక్కపోయినా తప్పు. ఇద్దరూ పెళ్ళాం పిల్లలు కలవాళ్ళు. ఒకరోజు ఇద్దరూ కలిసి కాటంరాజు దగ్గరికి వచ్చి, కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

కుర్చీ చూసేసరికి కాటంరాజు మెత్తబడ్డాడు.

"తవరే ఓ దారి చూపాలి మేస్త్రిగారూ" అన్నాడు సోమవారం ఇనస్పెక్టరు.

కాటంరాజు పానా తీసుకుని, ఒక బోల్టును కాస్త వదులు చేసి, మళ్ళీ బిగించి చూపించాడు. ఇద్దరి కళ్ళల్లోనూ నీళ్ళు తిరిగాయి. బోల్టు తిరిగిందనడానికి తిరిగింది. ఇంతకుముందాయన వదులుగా వదిలేశాడనడానికీ లేదు. ఆనాటినుంచి ఇనస్పెక్టర్లు పెసరట్లు తినడానికి వెళ్ళినప్పుడు కాటంరాజు బోల్టులు వదులు చేసేవాడు. తిని వచ్చాక వాళ్ళు బిగించేవారు. ఇంత పకడ్బందీగా బిగించబడే ఇంజను గోదావరి పొడుగునా ఇంకొకటి లేదని నివేదికలు వెళ్ళాయి.

"ఎవరు వదులు చేస్తన్నారు బావా వీటిని?" అన్నాడు నూకరాజు ఒకరోజు.

"నేనే."

"ఎందుకూ?"

"బిగించడానికి."

నూకరాజు కాసేపు ఆలోచించాడు. "మరైతే వదులు చెయ్యకపోతే బిగించక్కర్లేదు గదా?"

అది తనకెందుకు తట్టలేదా అని కాటంరాజు చాలాసేపు ఏటికేసి చూశాడు. అప్పటికి ఆయన గౌరవ బిగింపు సలహాదారు. శాలువా కూడా కప్పేశారు. శాలువా కప్పించుకున్న మనిషి, అంతా నా వల్ల జరిగిన వెర్రి అని ఏ మొహం పెట్టుకుని చెబుతాడు? పైగా బోల్టులు తిప్పినప్పుడల్లా ఇదివరకు లేని ఒక మెత్తదనం చేతికి తగులుతోంది. ఎక్కువసార్లు ఉతికిన గుడ్డ పోగు సాగినట్టు. ఆ సంగతి కూడా ఆయన ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళు లేరు. అడిగితే మాత్రం చెప్పేవాడా ఏమిటి.

శ్రావణంలో బిగింపు వారోత్సవం ప్రకటించారు. బొర్రపాలెం వీధుల్లో ర్యాలీ తీశారు. "బిగింపే భద్రత, వదులే వినాశనం" అని రాసిన గుడ్డ పట్టుకుని పిల్లలు నడిచారు. ముందు అట్టతో చేసిన నిలువెత్తు పానా. దాన్ని మోసినవాడు ఏం మోస్తున్నాడో తెలియక గద అనుకుని ఊపుకుంటూ వెళ్ళాడు. ముగింపు సభ రెల్లులంకలో పెట్టారు. నదీగర్భంలోని చిట్టచివరి లబ్ధిదారుడి దాకా బిగింపు చేరాలని శేషావతారం గారి పట్టుదల.

ఆ ఉదయం గోదావరి రంగు మారింది. ఎర్రనీరు దిగింది. నురగ, కొట్టుకొచ్చే దుంగలు, ఎక్కడివో అరటి బోదెలు. నూకరాజు రేవులో శేషావతారం గారికి అడ్డంపడ్డాడు.

"ఎగువన కుంభవృష్టంటండి. సాయంత్రానికి లంక రేవు మునుగుద్ది. ఇయ్యాల లాంచీ వెళ్ళేది జనాన్ని దింపుకురాడానికి గానీ మీటింగులకి కాదండి."

"వరద వేరే శాఖ నాయనా. మాది బిగింపు" అన్నారు శేషావతారం గారు. "వారోత్సవానికి ఇవాళే ఆఖరు రోజు. వరదకు అలాంటి గడువేమీ లేదు."

లాంచీ శేషావతారం గారితో, ఇద్దరు ఇనస్పెక్టర్లతో, మైకుతో, పూలదండలతో, ర్యాలీ గుడ్డతో, బహుమతి కప్పుతో బయలుదేరింది. భూలక్ష్మి కూడా ఎక్కింది, తల్లినీ గేదెల్నీ తీసుకురావడానికి. కాటంరాజు శాలువా కప్పుకుని వచ్చాడు. వేసుకురమ్మని ఆదేశం. వెనక పంటు కట్టుకుని నూకరాజు నడిపాడు.

లంకలో జనం అప్పటికే మూటలు కట్టుకుని రేవులో నిలబడి ఉన్నారు. వాళ్ళను చూసి సభకు ఇంత స్పందన ఊహించలేదని శేషావతారం గారు మైకులో అన్నారు. ఉపన్యాసం మొదలైనప్పుడు నీళ్ళు రేవు కింది మెట్టు మీద ఉన్నాయి. బిగింపు అంటే ఏమిటి, మనిషికీ బోల్టుకూ గల సంబంధం ఏమిటి అన్న దగ్గరికి వచ్చేసరికి రెండు మెట్లు పోయాయి.

"ఓ బాబూ, నీ కాళ్ళు తడుస్తన్నాయి, చూసుకో" అని అరిచింది ముసలి సూరమ్మ, మూట మీద కూర్చుని.

ఇప్పుడు సలహాదారు వారు మాట్లాడతారన్నారు. కాటంరాజు మైకు ముందు నిలబడి కాసేపు ఏటికేసి చూశాడు. ఇనస్పెక్టర్లు చప్పట్లు కొట్టారు. ఆయన నిజంగా ఏరు ఎంత పెరిగిందో చూస్తున్నాడు.

చివరికి శేషావతారం గారు ఇంజను దగ్గరికి వచ్చారు. వారోత్సవ ముగింపుగా ఆఖరి బిగింపు తమ చేతుల మీదుగా జరగాలి. రిబ్బను కట్టిన పొడవాటి పానా అందించారు. వారు పంచె సవరించుకుని, దేవుణ్ణి తలుచుకుని, తమ పదవికి తగిన బలంతో ఒక్క తిప్పు తిప్పారు.

ఠప్పుమంది.

పానా చివర బోల్టు తల ఒక్కటీ, కొట్టిన కొబ్బరికాయలో పై చెక్కలా ఊడి వచ్చింది. మొండెం ఇంజనులోనే ఉండిపోయింది. 

"బోల్టు తన సేవాకాలాన్ని ముగించింది" అన్నారు శేషావతారం గారు.

నూకరాజు మాత్రం పట్టినంతవరకు జనాన్నీ గేదెల్నీ ఎక్కించాడు. సూరమ్మను ఇద్దరు మోసుకొచ్చి లాంచీలో కూర్చోబెట్టారు. ఇంజను తిప్పితే లేచింది గానీ, బోల్టు పోయిన చోట తెల్లగా ఆవిరి బుస్సుమంది. నూకరాజు ఇంజను ఆపి, కాటంరాజు ముందు నిలబడ్డాడు.

"బావా, ఇప్పుడు చెప్పు. మిగతా బోల్టులు ఇంకాస్త బిగించమంటావా, ముట్టుకోవద్దంటావా? బిగిస్తే ఇంకోటి తెగుద్దేమో. వదిలేస్తే నడేట్లో ఆగుద్దేమో."

కాటంరాజు ఏటికేసి చూశాడు.

"చూశారా, బిగించమంటున్నారు" అన్నారు శేషావతారం గారు.

"కాదు సార్. నాకు తెలిసి ఇది వద్దనే చూపు" అన్నాడు సోమవారం ఇనస్పెక్టరు.

"వద్దనేటప్పుడు ఎడంవైపు చూస్తారు. ఇది కుడి" అన్నాడు గురువారం ఇనస్పెక్టరు.

ముగ్గురూ ఆయన చూపు మీద వాదించుకుంటుండగా నీళ్ళు ఆఖరి మెట్టెక్కాయి. లాంచీ తాడు బిగుసుకుని కిర్రుమంది. పంటు మీద గేదెలు అరవసాగాయి. భూలక్ష్మి జనాన్ని తోసుకుంటూ మొగుడి ముందుకు వచ్చింది.

"నోరిప్పవయ్యా! మాయమ్మ పడవలో ఉంది. అవునో కాదో చెప్పు. జన్మలో ఒక్కసారి చెప్పు!"

కాటంరాజు ఆమెకేసి చూశాడు. లోపలెక్కడో ఎన్నో ఏళ్ళుగా తుప్పు పట్టి బిగిసిపోయింది ఒకటి కదిలింది.

"నాకు తెలవదు" అన్నాడు.

"ఏవన్నావ్?"

"తెలవదే. బిగించాలో వద్దో నాకు తెలవదు."

"ఇప్పుడు తెలియదా?" అన్నారు శేషావతారం గారు, గుండె పట్టుకుని. "తమ అభిప్రాయం మీదే కదండీ ఈ విధానమంతా!"

"అప్పుడూ తెలవదండి" అన్నాడు కాటంరాజు. "కుర్చీ ఏశారు కదాని..."

శేషావతారం గారు ఇంజను పక్కన పెట్టె మీద కూలబడ్డారు. ఆయన కూలబడింది పానా మీద. ఒడ్డు చేరేదాకా లేవలేదు కాబట్టి ఆ రోజు ఇంకే బోల్టూ బిగించడం జరగలేదు. విధానం ప్రవేశపెట్టాక ఆ ఇంజనుకు దొరికిన మొదటి విశ్రాంతి అది.

నూకరాజు మొహం మాత్రం విచ్చుకుంది. "తెలవదా? ఆ ముక్క ముందే చెప్పుంటే సరిపోను గదా! ఇంజను మీద ఆశ పెట్టుకోకుండా పోదాం. గెడలు తియ్యండర్రా! తెడ్లు తియ్యండి! మా తాత ఏ ఇంజనుతో దాటించాడు?"

కాటంరాజు భుజం మీది శాలువా తీసి ఏట్లో ముంచి, ఆవిరి వస్తున్న చోట నాలుగు మడతలు వేసి కూరాడు. అది చాలా మంచి శాలువా, జరీ అంచుది. ఆ గుడ్డ అంత పనికొచ్చిన సందర్భం అంతకుముందు లేదు. ఇంజను సన్నగా, దగ్గు మనిషిలా నడిచింది. లాంచీని ఒడ్డు వెంబడి పైకి లాక్కెళ్ళి, అక్కణ్ణుంచి వాలుకు వదిలి, అడ్డంగా తెడ్లు వేశారు. ఇనస్పెక్టర్లిద్దరికీ చెరో తెడ్డూ ఇచ్చారు. వేడెక్కిన ఇంజనులో నీళ్ళు పొయ్యడానికి ఏదీ దొరక్కపోతే, వారోత్సవంలో ఉత్తమ బిగింపుకు ఇవ్వాల్సిన కప్పు సూరమ్మ తీసిచ్చింది. శేషావతారం గారు కూర్చున్నచోటునుంచే వంగి కప్పుతో ఏట్లో నీళ్ళు ముంచి అందించారు. బిగింపే భద్రత అన్న గుడ్డను తుంపర పడకుండా సూరమ్మ తల మీద కప్పారు.

"ఇదేం గుడ్డ బాబూ, ఒకటే బొక్కలు" అంది సూరమ్మ.

"గాలి పోడానికి పెట్టారులే అమ్మా" అంది భూలక్ష్మి.

ఎక్కడో దిగువన, రేవుకు చాలా కిందగా, గట్టుకు తగిలారు. లాంచీని గట్టు వెంబడి తాళ్ళతో ఎగువకు లాగి, రెండో దఫాకు వెళ్ళి మిగిలినవాళ్ళను తెచ్చారు. గేదెలన్నీ వచ్చాయి. ఒక దూడ మాత్రం కనబడక గగ్గోలు పెడితే, అది శేషావతారం గారి జీపు వెనక సీట్లో దొరికింది. ఎలా ఎక్కిందో ఇప్పటికీ తెలియదు.

వరద తీశాక కాటంరాజు ఇంజను మళ్ళీ విప్పాడు. విరిగిన మొండెం లాగి, కొత్త బోల్టులన్నీ వేసి, తిప్పి, చల్లారనిచ్చాడు. నూకరాజు వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ఏం చేశావు బావా?"

"ఒక్కసారి బిగించాను. మంచిదో కాదో తెలవదు. ఆవిరి కక్కితే కేకెయ్యి. తెడ్లు మాత్రం లాంచీలోనే ఉంచు."

ఆయన నోటినుంచి ఒక్క గుక్కలో అన్ని మాటలు రావడం నూకరాజు అదే మొదటిసారి వినడం. లేచి వెళ్ళి రేవంతా చెప్పాడు. రేవంతా, ఎంత పెద్ద మేస్త్రి కాకపోతే తెలవదంటాడు అని ముక్కు మీద వేలేసుకుంది. కాటంరాజుకు పేరు రెండింతలైంది. మన వైపు జనానికి ఒక మనిషిని గొప్పవాడనుకోవాలని ఉంటే ఆపడం ఎవరి తరమూ కాదు, ఆ మనిషి తరం అసలే కాదు.

ఆ వారమే శేషావతారం గారి జీపు మళ్ళీ వచ్చింది. ఈసారి కుర్చీ వాళ్ళే తెచ్చారు, చేతులున్నది, ఎర్రరంగుది. పార్టీవాళ్ళు చూసుకోలేదు కాబోలు.

"తమ తాజా అభిప్రాయాన్ని ఉన్నతస్థాయి సంఘం ఏకగ్రీవంగా ఆమోదించింది" అన్నారాయన. "ఇకమీదట ప్రతి లాంచీ బయలుదేరేముందు అర్హత గల నిపుణుడు ఇంజనును పరిశీలించి, తెలియదని ధ్రువీకరించవలెను. తెలిసినవారు అనర్హులు. రాష్ట్రస్థాయి సలహాదారుగా తమరే ఉండాలి."

"తెలవదని చెప్పడానికి ఏం అర్హత కావాలండి?" అన్నాడు నూకరాజు.

"ముప్పై ఏళ్ళ అనుభవం."

అందరూ కాటంరాజుకేసి చూశారు. కాటంరాజు కుర్చీకేసి చూశాడు. మెత్త కూడా ఉంది. చేతులు తుడుచుకున్న గుడ్డ మడత పెట్టి భుజాన వేసుకుని, నిలబడే, "నా వల్ల కాదండి" అన్నాడు.

"కాదనడంలో ఎంత పాండిత్యం!" అంటూ శేషావతారం గారు రాసుకుని జీపెక్కారు. కుర్చీ సలహాదారు వారి పేరున మంజూరైంది గనుక వెనక్కి తీసుకెళ్ళే అధికారం ఎవరికీ లేక, గుమ్మం ముందు ఉండిపోయింది.

సాయంత్రం భూలక్ష్మి పొయ్యి మీద పులుసు పెట్టి వచ్చి, చెంగుతో చేతులు తుడుచుకుంటూ మొగుడికేసి చూసింది.

"నిజంగానే తెలవదా?"

"తెలవదు."

"ఇన్నేళ్ళ నుంచీ?"

"ఊఁ."

"మరి నేను అడిగినప్పుడైనా చెప్పొచ్చు గదయ్యా. నా దగ్గర నీకు కుర్చీ కూడా లేదు గదా, నామోషీ పడ్డానికి?"

 భూలక్ష్మి ఆ ఎర్ర కుర్చీని బరబరా ఈడ్చుకొచ్చి, తను ఎక్కి కూర్చుంది. కుర్చీ చేతుల మీద చేతులు వేసుకుంది. కాటంరాజు ఎదురుగా నేల మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"ఊఁ, ఇప్పుడు చెప్పు" అంది. "ఇంకా ఏవేం తెలవదు నీకు?"

కాటంరాజు అలవాటుగా ఏటికేసి తల తిప్పబోయి, మానుకున్నాడు. గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. లోపల పులుసు ఇగిరి అడుగంటింది. వాసన ఇద్దరికీ తెలుస్తూనే ఉంది. ఆయనా ఆపలేదు, ఆవిడా లేవలేదు.